పీసీఓఎస్: పదిహేనేళ్ల నుంచి అరవయ్యేళ్ల దాకా



ఈ మధ్య ఏ స్కానింగ్ సెంటర్ బయట కూర్చున్నా ఒక మాట చెవిన పడుతోంది. "అమ్మాయికి పీసీఓడీ అంట, నీటి బుడగలంట." తల్లి చేతిలో ఫిల్ము ఉన్న కవరు, దాంతోపాటు ఇంగ్లీషులో నాలుగు లైన్ల కాగితం. పక్కన ఇంటర్ చదివే అమ్మాయి, తల దించుకుని. డాక్టరు గదిలోకి వచ్చాక ఆ తల్లి అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే. "రేపు పెళ్లయితే పిల్లలు పుడతారా మేడమ్?"

స్త్రీల వైద్యురాలిగా నేను ఈ ప్రశ్న విన్నన్నిసార్లు మరే ప్రశ్నా వినలేదు. ఆ తల్లి భయం నాకు అర్థమవుతుంది. కానీ ఆమె అడుగుతున్నది ఎదురుగా కూర్చున్న పిల్ల గురించి కాదు, ఇంకా పుట్టని పిల్లల గురించి. ఈ సమస్య విషయంలో మన ఇళ్లలో జరుగుతున్నది అదే. పెళ్లి చూపులకు ముందు కంగారు, పెళ్లయ్యాక ఏడాదికి ఇంకా కంగారు, ఒక కాన్పు అయిందంటే ఇక ఎవరికీ పట్టదు. డాక్టర్లు పీసీఓఎస్ అని రాసే ఈ పీసీఓడీ మాత్రం పదిహేనేళ్లప్పుడు మొదలై, అరవయ్యేళ్లప్పుడు కూడా ఏదో ఒక రూపంలో ఆమె ఒంట్లో ఉంటుంది. ఆ నలభై అయిదేళ్లూ ఆమె ఆరోగ్యంగా ఉండడం గురించి ఈ రోజు మీతో మాట్లాడాలని వచ్చాను.

ముందు ఆ బుడగల సంగతి చూద్దాం. భయమంతా అక్కడే మొదలవుతోంది కాబట్టి.

ఆడపిల్ల అండాశయంలో పుట్టుకతోనే లక్షల అండాలుంటాయి. ఒక్కో అండం చుట్టూ సన్నటి సంచి ఉంటుంది. నెలనెలా కొన్ని సంచులు పెరగడం మొదలుపెడతాయి. వాటిలో ఒకటి ముందుకెళ్లి, రెండు సెంటీమీటర్ల దాకా పెరిగి, పగిలి అండాన్ని విడుదల చేస్తుంది. మిగిలినవి వాడిపోతాయి. అండం విడుదలైన రెండు వారాలకు, గర్భం రాకపోతే, నెలసరి వస్తుంది. పీసీఓఎస్ ఉన్నప్పుడు ఆ సంచులు రెండు నుంచి తొమ్మిది మిల్లీమీటర్ల దగ్గర ఆగిపోతాయి. చాలా నెలల్లో ఏదీ ముందుకు పోదు. స్కానింగ్‌లో ముత్యాల వరసలా కనిపించేవి అవే. అవి గడ్డలు కావు, పగిలిపోయి ప్రాణం మీదికి తెచ్చేవి కావు, క్యాన్సర్‌గా మారేవి కావు. పెరగడం ఆగిన అండాల సంచులు, అంతే. కాబట్టి వాటిని "తీయించేయాలి" అని ఎవరన్నా అంటే తొందరపడకండి.

ఈ పరిస్థితిని వైద్యులు గుర్తించడం కొత్తేమీ కాదు. 1721లో ఇటలీలో వల్లిస్నేరి అనే వైద్యుడు, పెళ్లయినా పిల్లలు లేని ఒక పల్లెటూరి యువతి గురించి రాస్తూ, కాస్త బొద్దుగా ఉన్న ఆమె అండాశయాలు మామూలు కంటే పెద్దవై, ఎగుడుదిగుడుగా, తెల్లగా ఉన్నాయని నమోదు చేశాడు. తర్వాత 1935లో షికాగోలో స్టెయిన్, లెవెంథాల్ అనే ఇద్దరు డాక్టర్లు ఏడుగురు స్త్రీల కథలు కలిపి ప్రచురించారు. ఆ స్త్రీల అండాశయాల్లో కొంత భాగం కోసి తీస్తే నెలసరి తిరిగొచ్చింది. దాంతో చాలాకాలం అందరి చూపూ అండాశయం మీదే ఉండిపోయింది. ఒంట్లో ఇంకెక్కడో మూలం ఉండొచ్చన్న ఆలోచన బలపడింది 1980 తర్వాతే. అమెరికాలో కొందరు పరిశోధకులు ఈ స్త్రీల రక్తంలో పురుష హార్మోన్‌తో పాటు ఇన్సులిన్ కూడా ఎక్కువగా ఉందని గమనించారు.

ఇన్సులిన్ అనగానే మనకు షుగర్ జబ్బు గుర్తొస్తుంది. ఆడపిల్లల నెలసరికీ దానికీ సంబంధమేమిటని అడుగుతారు. కాస్త ఓపిగ్గా వినండి, అసలు విషయం ఇక్కడే ఉంది.

మనం తిన్న అన్నం చక్కెరగా మారి రక్తంలోకి చేరుతుంది. ఆ చక్కెరను కండరాలు వాడుకోవాలంటే క్లోమం నుంచి వచ్చే ఇన్సులిన్ కావాలి. పీసీఓఎస్ ఉన్నవాళ్లలో చాలామందికి కండరాలు ఇన్సులిన్ మాట తొందరగా వినవు. కాలువ చివరి పొలానికి నీళ్లు ఎక్కకపోతే ఏం చేస్తారు? తూము ఇంకాస్త ఎత్తుతారు. చివరి పొలం ఎలాగో తడుస్తుంది, కానీ మధ్యలో ఉన్న పొలాలు మునుగుతాయి. క్లోమం కూడా అలాగే ఇన్సులిన్ ఎక్కువ ఎక్కువగా వదులుతుంది. కండరాల పని ఏదోలా గడుస్తుంది. రక్తంలో చక్కెర పరీక్ష చేస్తే మామూలుగానే ఉంటుంది. అండాశయం మాత్రం ఇన్సులిన్ మాట బాగా వింటుంది. దానికి అవసరానికి మించి ఇన్సులిన్ అందేసరికి అది టెస్టోస్టిరాన్ ఎక్కువగా తయారు చేస్తుంది. ఈ హార్మోన్ ఆడవాళ్లందరిలోనూ కొద్దిగా ఉండేదే. అది ఒళ్లంతా స్వేచ్ఛగా తిరగకుండా పట్టి ఉంచే ఒక ప్రోటీన్‌ను కాలేయం తయారు చేస్తుంది. ఇన్సులిన్ ఎక్కువైతే ఆ ప్రోటీన్ కూడా తగ్గుతుంది. ఇక మెదడు నుంచి అండాశయానికి వచ్చే సంకేతాల లయ కూడా వీళ్లలో మారి ఉంటుంది. అన్నీ కలిసి అండాల సంచుల పెరుగుదలను మధ్యలో ఆపేస్తాయి.

ఇప్పుడు ఆ అమ్మాయి ఒంటి మీద కనిపించే వాటిని చూడండి. పై పెదవి మీద, గడ్డం కింద, బొడ్డు దగ్గర ముదురు వెంట్రుకలు, ఇరవై దాటినా తగ్గని మొటిమలు, నడినెత్తిన పాపిట వెడల్పు కావడం, ఇవన్నీ టెస్టోస్టిరాన్ పని. మెడ వెనక, చంకల్లో చర్మం మందమై, మఖమల్ బట్టలా నల్లబడడం ఇన్సులిన్ పని.

ఆ నల్ల మెడ దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. ఎంతమంది తల్లులు ఆ మెడను శనగపిండితో, నిమ్మచెక్కతో, చివరికి పీచుతో రుద్ది రుద్ది ఎర్రగా చేస్తారో! "ఒళ్లు సరిగ్గా తోముకోవు" అని పిల్లను తిడతారు. అది మట్టి కాదమ్మా. లోపల ఇన్సులిన్ పెరిగిందని చర్మం ముందే చెప్తున్న కబురు. నాకైతే స్కానింగ్ కాగితం కంటే ఆ మెడ ఎక్కువ విషయం చెప్తుంది. అది చూశాక తల్లికి ఎప్పుడు షుగర్ వచ్చింది, నాన్నమ్మకు ఉందా, తండ్రికి బీపీ ఉందా అని అడుగుతాను. చాలా ఇళ్లలో అవుననే జవాబు వస్తుంది. ఈ సమస్య కుటుంబాల్లో నడుస్తుంది. అక్కకు ఉంటే చెల్లికి వచ్చే అవకాశం మిగతావారి కంటే ఎక్కువ. అదే ఇంట్లో మగపిల్లలకు కూడా షుగరు, కొలెస్ట్రాల్ వైపు మొగ్గు ఉండొచ్చు.

ఇక నిర్ధారణ. ఇందులో రెండు రకాల తప్పులు జరుగుతున్నాయి. ఉన్నవాళ్లకు ఉన్నట్టు తెలియడం లేదు, లేనివాళ్లకు ఉందని ముద్ర పడుతోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పిన లెక్క ప్రకారం పిల్లలు కనే వయసులో ఉన్న స్త్రీలలో వందకు 8 నుంచి 13 మందికి పీసీఓఎస్ ఉంటుంది. వాళ్లలో 70 శాతం దాకా ఆ సంగతి తెలియకుండానే బతుకుతున్నారు. మన అనంతపురంలో ఒక రెసిడెన్షియల్ కాలేజీలో 15 నుంచి 18 ఏళ్ల అమ్మాయిలు 460 మందిని పరీక్షించి 2011లో ఫలితాలు ప్రచురించారు. అక్కడ వందకు 9 మందికి పైగా తేలారు. అంటే అరవై మంది అమ్మాయిలున్న తరగతి గదిలో అయిదారుగురు.

2003లో నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో నిపుణులు కూర్చుని ఒక పద్ధతి పెట్టారు. నెలసరి క్రమం తప్పడం, పురుష హార్మోన్ ఎక్కువైన గుర్తులు ఒంటి మీదో రక్తంలోనో కనిపించడం, స్కానింగ్‌లో ఎక్కువ సంచులు కనిపించడం. ఈ మూడింటిలో రెండు ఉంటేనే పీసీఓఎస్. అదీ థైరాయిడ్, ప్రొలాక్టిన్ లాంటి ఇతర కారణాలు లేవని తేల్చుకున్నాక. పెళ్లయిన వాళ్లయితే గర్భం లేదని కూడా చూసుకున్నాక. అంటే ఒక్క స్కానింగ్ కాగితం పట్టుకుని పీసీఓఎస్ ఉందని చెప్పడానికి వీల్లేదు. నెలసరి సరిగ్గా వస్తూ, ఇంకే లక్షణమూ లేని ఆరోగ్యవంతులైన అమ్మాయిల్లో కూడా ఆ వయసులో సంచులు ఎక్కువగా కనిపించడం మామూలే. అందుకే ఇప్పుడు అంతర్జాతీయ మార్గదర్శకాలు ఒక మాట స్పష్టంగా చెప్తున్నాయి. పెద్దమనిషి అయిన తర్వాత ఎనిమిదేళ్ల వరకు పీసీఓఎస్ తేల్చడానికి స్కానింగ్ మీద ఆధారపడకూడదు. ఆ వయసులో నెలసరి తేడా, పురుష హార్మోన్ గుర్తులు రెండూ ఉండాలి. పెద్దవాళ్లలో మాత్రం స్కానింగ్ బదులు ఏఎంహెచ్ అనే రక్తపరీక్షను కూడా వాడుకోవచ్చని 2023లో కొత్తగా చేర్చారు.

మరి నెలసరి ఎంత తేడా వస్తే తేడా అనాలి? పెద్దమనిషి అయిన మొదటి ఏడాది ఎలా వచ్చినా కంగారు అక్కర్లేదు. రెండో ఏడాది నుంచి మూడేళ్లు నిండేదాకా 21 రోజుల కంటే ముందుగానో, 45 రోజులు దాటాకో వస్తుంటే చూపించాలి. మూడేళ్లు దాటాక 35 రోజులు మించకూడదు, ఏడాదికి ఎనిమిది సార్లయినా రావాలి. మొదటి ఏడాది తర్వాత ఒక్కసారి 90 రోజులు దాటినా ఊరుకోవద్దు. పదిహేనేళ్లు వచ్చినా అసలు పెద్దమనిషే కాకపోతే అదీ చూపించాల్సిందే. ఇంట్లో గోడ క్యాలెండర్ మీద పాలవాడి లెక్క, గ్యాస్ బండ తారీకు రాసుకుంటాం కదా. అమ్మాయి డేట్ కూడా ఏదో గుర్తుతో రాసుకోమనండి. డాక్టరుకు అలా రాసిన ఆరు నెలల తారీకులు ఇస్తే సగం పని అయిపోతుంది.

తారీకుల మాటొచ్చింది కాబట్టి ఇంకొకటి చెప్పాలి. వ్రతమనీ, పెళ్లనీ, తిరుపతి ప్రయాణమనీ మందుల షాపులో నెలసరి వాయిదా మాత్రలు కొని వేసేయడం మన ఇళ్లలో మామూలైపోయింది. అసలే క్రమం తప్పుతున్న అమ్మాయికి ఎవరినీ అడగకుండా అవి వేస్తే, ఆమె సహజంగా ఎప్పుడు అవుతోందో ఎవరికీ తెలియకుండా పోతుంది. దేవుడి దగ్గరికి వెళ్లడం నాలుగు రోజులు ఆలస్యమైతే ఏమవుతుందమ్మా? ఆ పిల్ల ఒంటికి ఆ మాత్రం మర్యాద ఇవ్వండి.

ఇప్పుడు బరువు. ఈ మాట ఎత్తగానే అమ్మాయి ముఖం వాడిపోతుంది. ఎందుకంటే అప్పటికే ఇంట్లో, బంధువుల్లో, పెళ్లిళ్లలో అందరూ అనాల్సింది అనేసి ఉంటారు. "తిండి తగ్గించు" అన్నది మన దగ్గర పలకరింపు అయిపోయింది. నేను చెప్పేదేమిటంటే, బరువు ఆ అమ్మాయి నేరం కాదు. ఇన్సులిన్ ఎక్కువగా ఉన్న ఒంట్లో బరువు తొందరగా చేరుతుంది, నిదానంగా దిగుతుంది. చేరిన బరువు ఇన్సులిన్‌ను ఇంకా పెంచుతుంది. సన్నగా ఉన్న అమ్మాయిలకు కూడా పీసీఓఎస్ ఉంటుంది. వాళ్లను "నీకేమిటి, పుల్లలా ఉన్నావు" అని పక్కన పెట్టేస్తాం, వాళ్లకు గుర్తింపే ఆలస్యమవుతుంది. మన ఆసియా వాళ్లకు తక్కువ బరువు దగ్గరే షుగర్ ముప్పు మొదలవుతుంది కాబట్టి కొలతలు కూడా వేరు. 155 సెంటీమీటర్ల ఎత్తున్న పెద్దవాళ్లకు 55 కిలోలు దాటితే కాస్త ఎక్కువ కింద లెక్క. నడుము చుట్టుకొలత 80 సెంటీమీటర్లు దాటకుండా ఉంటే మంచిది.

ఆశ కలిగించే విషయం ఒకటుంది. సినిమా తారలా అయిపోవాల్సిన అవసరం లేదు. బరువు ఎక్కువున్న వాళ్లు అందులో వందకు అయిదు నుంచి పది వంతులు తగ్గితే చాలు, చాలామందిలో నెలసరి దారికొస్తుంది. 70 కిలోలున్న అమ్మాయి మూడున్నర నుంచి ఏడు కిలోలు. అది ఆరు నెలల్లో, ఏడాదిలో అయ్యే పని. నెలలో పది కిలోలని చెప్పే ప్యాకెట్ల జోలికి పోవద్దు.

తిండి దగ్గర నాకు పథ్యాల మీద నమ్మకం లేదు. ఫలానా ఆహారమే పీసీఓఎస్‌కు మందు అని ఇంతవరకు ఏదీ తేలలేదు. మనం తినే పళ్లెంలోనే పాళ్లు మారాలి. హైదరాబాద్ తార్నాకలో ఉన్న జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం రోజు మొత్తం శక్తిలో ధాన్యాల నుంచి వచ్చేది 45 శాతానికి మించకూడదు. మన ఇళ్లలో చూడండి. పొద్దున ఇడ్లీ, మధ్యాహ్నం అన్నం, సాయంత్రం ఉప్మా, రాత్రి మళ్లీ అన్నం. పప్పు నంజుకోవడానికి, కూర కలుపుకోవడానికి. దీన్ని తిరగేయాలి. పప్పు గరిటెడు వేసుకునే చోట గిన్నెడు. గోరుచిక్కుడు, బెండ, బీర, తోటకూర అన్నంతో సమానంగా. గుడ్డు తినేవాళ్లు గుడ్డు, చేపలు తినేవాళ్లు చేపలు. పొద్దున రెండిడ్లీలు తగ్గించి పెసరట్టు, గుగ్గిళ్లు. జొన్నరొట్టె, రాగి సంగటి మంచివే. కానీ సంగటి ముద్ద కూడా ముద్దే, కొలత మర్చిపోతే అన్నానికీ దానికీ పెద్ద తేడా ఉండదు. అన్నం మానేయమని నేను ఎవరికీ చెప్పను. తెలుగు పిల్లకు అన్నం మానేయమంటే నాలుగు రోజులు మానేసి అయిదో రోజు ఏడుస్తూ తింటుంది. చక్కెర వేసిన టీలు రోజుకు నాలుగున్నవాళ్లు ఒకటి చేసుకుంటే, అక్కడే చాలా తేడా కనిపిస్తుంది.

ఇంట్లో ఆ అమ్మాయికి ఒక్కదానికే వేరే గిన్నె పెట్టకండి. తమ్ముడు చిప్స్ తింటూ టీవీ చూస్తుంటే అక్కను కీరా ముక్కలు తినమనడం శిక్షలా ఉంటుంది. ఆ తమ్ముడికీ, ఆ తండ్రికీ కూడా ఈ తిండే మంచిది.

కండరాలు ఇన్సులిన్ మాట వినాలంటే వాటికి పని చెప్పాలి. బరువు ఒక్క కిలో తగ్గకపోయినా వ్యాయామం వల్ల ఈ మేలు జరుగుతుంది. పెద్దవాళ్లకు వారానికి కనీసం 150 నిమిషాలు చురుగ్గా నడవడం, రెండు రోజులు కండరాలకు బలమిచ్చే పనులు. చదువుకునే పిల్లలకు రోజుకు గంట ఆట. ఆ గంట మన ఇంటర్ కాలేజీల్లో ఎక్కడుంది చెప్పండి? తెల్లవారుజామున స్టడీ అవర్‌తో మొదలై రాత్రి స్టడీ అవర్‌తో ముగిసే హాస్టల్లో, పెరిగే ఆడపిల్ల రోజంతా బెంచీ మీద కూర్చుంటుంది. నిద్ర చాలదు. ర్యాంకుల కోసం రెండేళ్లు అలా పెంచి, తర్వాత డాక్టర్ల చుట్టూ తిరుగుతున్నాం. ఇది నన్ను నిజంగా బాధపెట్టే విషయం.

ఆ గంట దొరికితే ఏమవుతుందో చెప్పే మంచి ఉదాహరణ కూడా మన దగ్గరే ఉంది. ఆంధ్రలోనే ఒక రెసిడెన్షియల్ కాలేజీలో పీసీఓఎస్ ఉన్న 90 మంది అమ్మాయిలను రెండు జట్లు చేసి, 12 వారాలు రోజూ ఒక గంట, ఒక జట్టు చేత యోగా, ఇంకో జట్టు చేత మామూలు వ్యాయామం చేయించారు. యోగా చేసిన జట్టులో టెస్టోస్టిరాన్ ఎక్కువ తగ్గింది, నెలసరి మెరుగైంది, ఆందోళన కూడా ఎక్కువ తగ్గింది. బరువులో మాత్రం రెండు జట్లకీ చెప్పుకోదగ్గ తేడా లేదు. అంటే తూకం యంత్రం కదలకపోయినా లోపల మేలు జరిగింది. తూకం చూసి నిరాశపడే అమ్మాయిలు ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

మందుల గురించి క్లుప్తంగా చెప్తాను, ఏది ఎవరికన్నది మీ డాక్టరు చూసి చెప్పాలి కాబట్టి. నెలసరి నెలల తరబడి రాకపోతే గర్భాశయం లోపలి పొర మందమవుతూ పోతుంది. ఏళ్ల తరబడి అలాగే వదిలేస్తే ఆ పొరలో క్యాన్సర్ ముప్పు పెరుగుతుంది. అందుకని కనీసం మూడు నెలలకు ఒకసారైనా మాత్రలిచ్చి రప్పిస్తాం. పెళ్లికాని అమ్మాయికి గర్భనిరోధక మాత్రలు రాస్తే తల్లులు ఉలిక్కిపడతారు. ఆ మాత్రలు పొరను కాపాడతాయి, టెస్టోస్టిరాన్‌ను తగ్గిస్తాయి, మొటిమలు, వెంట్రుకలు నెమ్మదిస్తాయి. వాటివల్ల తర్వాత పిల్లలు పుట్టకపోవడం అంటూ ఉండదు. బీపీ ఉన్నా, రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉన్నా, కళ్ల ముందు మెరుపులతో వచ్చే తలనొప్పి ఉన్నా ముందే చెప్పాలి. మెట్‌ఫార్మిన్ షుగర్ మాత్ర కదా అని భయపడతారు. అది ఇన్సులిన్ పనిని మెరుగుపరుస్తుంది. మొదట్లో కడుపులో తిప్పుతుంది, అందుకే కొద్ది మోతాదుతో అన్నం తిన్నాక మొదలుపెడతాం. ఏళ్లపాటు వాడితే బీ12 చూసుకోవాలి. ఇనోసిటాల్ పొడుల ప్యాకెట్లు ఇప్పుడు బాగా అమ్ముడవుతున్నాయి. వాటివల్ల పెద్ద హాని లేదు కానీ, మేలు గురించిన ఆధారాలు ఇంకా పలచనే. డబ్బు చాలని ఇంట్లో ముందు పప్పు, గుడ్డు, కూరగాయలు కొనమంటాను.

ముఖం మీద వెంట్రుకలకు ఏ మందైనా ఆరు నెలలకు గానీ పని కనిపించదు. ఈలోగా థ్రెడింగ్, వ్యాక్సింగ్, రేజర్ ఏది వాడుకున్నా తప్పు లేదు. గీస్తే మందంగా వస్తాయన్నది నిజం కాదు. పసుపు రాస్తే రాలిపోతాయన్నదీ నిజం కాదు. వీలున్నవాళ్లకు లేజర్ ఉంది, చాలాసార్లు చేయించుకోవాలి. కాలేజీకి స్కార్ఫ్ కట్టుకుని వెళ్లి, క్లాసులో కూడా విప్పని అమ్మాయిలను నేను చూశాను. ఎండ కోసమని ఇంట్లోవాళ్లు అనుకుంటారు. ఆ పిల్ల గడ్డం దాచుకుంటోంది.

ఆ మాట మీదే ఇంకాస్త ఉండాలనిపిస్తోంది. పీసీఓఎస్ ఉన్నవాళ్లలో దిగులు, ఆందోళన మిగతావారి కంటే స్పష్టంగా ఎక్కువ. అందుకే ఈ సమస్యతో వచ్చిన ప్రతి ఒక్కరినీ మనసు ఎలా ఉందో అడిగి తీరాలని 2023 మార్గదర్శకాలు డాక్టర్లకు చెప్తున్నాయి. మనం అడుగుతున్నామా? నేను కాసేపు తల్లిని బయట కూర్చోమని చెప్పి అమ్మాయితో ఒక్కదానితో మాట్లాడతాను. "రాత్రి నిద్ర పడుతోందా? స్నేహితులతో ఫొటోలు దిగుతున్నావా?" అంతే అడుగుతాను. చాలాసార్లు ఆ రెండో ప్రశ్నకే కళ్లు నిండుతాయి. తండ్రులారా, అన్నలారా, మీరు కూడా వింటున్నారు కదా. మీసాలొస్తున్నాయని ఇంట్లో ఆడపిల్లను ఆటపట్టించకండి. మీరు మర్చిపోతారు, ఆమె మర్చిపోదు. రెండు వారాలకు మించి దిగులుగా, దేని మీదా ఆసక్తి లేకుండా ఉంటే మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి. అది కూడా ఈ చికిత్సలో భాగమే.

ఇక మొదటి ప్రశ్న, పిల్లలు. పీసీఓఎస్ ఉన్న స్త్రీలలో ఎక్కువమందికి పిల్లలు పుడతారు. కొందరికి మందు లేకుండానే, కొందరికి మందుతో. ఇక్కడ అండాలు లేకపోవడం సమస్య కాదు, సమయానికి విడుదల కాకపోవడం. దాన్ని విడుదల చేయించే మాత్రలున్నాయి. అమెరికాలో 750 మంది స్త్రీల మీద జరిగి 2014లో ప్రచురితమైన పరిశోధనలో లెట్రోజోల్ వాడినవాళ్లలో 27.5 శాతం మందికి, పాత మందు క్లోమిఫిన్ వాడినవాళ్లలో 19.1 శాతం మందికి బిడ్డ పుట్టింది. అది అయిదు విడతల మందుతోనే. అందుకే ఇప్పుడు లెట్రోజోల్ మొదటి మందు. ఇది మొదట రొమ్ము క్యాన్సర్ కోసం వచ్చింది, ఆ సంగతి ఫోనులో చదివి హడలిపోయి మానేసినవాళ్లున్నారు. భయపడొద్దు. మాత్రలతో కాకపోతే ఇంజెక్షన్లు, అప్పుడప్పుడు లాప్రోస్కోపీ, చివర్లో ఐవీఎఫ్. ఏ చికిత్స మొదలుపెట్టే ముందైనా భర్తకు వీర్యపరీక్ష చేయించాలి. భార్యకు పీసీఓడీ అని తేలిపోయింది కదా అని భర్తను అసలు పరీక్షించకుండానే ఏళ్లు గడిపేసిన జంటలు ఎందరో.

దీనికి మరో వైపు కూడా ఉంది. నెలసరి సరిగ్గా రావడం లేదు కాబట్టి గర్భం రాదని ధీమాగా ఉండకూడదు. అండం ఎప్పుడు విడుదలవుతుందో తెలియదంతే. ఇప్పుడే పిల్లలు వద్దనుకునేవాళ్లు జాగ్రత్తలు తీసుకోవాల్సిందే. అలాగే పెళ్లయితే అన్నీ సర్దుకుంటాయని చెప్పి ఇరవై ఏళ్లు నిండని పిల్లకు తొందరగా పెళ్లి చేసేయడం ఉంది చూశారా, అది మందు కాదు. పెళ్లి వల్ల ఇన్సులిన్ తగ్గదు.

గర్భం వచ్చాక ఈ తల్లులకు షుగరు, బీపీ వచ్చే అవకాశం ఎక్కువ. మొదటిసారి చూపించుకున్నప్పుడే పీసీఓఎస్ ఉందని చెప్పండి, చక్కెర నీళ్ల పరీక్ష త్వరగా చేస్తారు. కాన్పైన ఆరు వారాలకు, గర్భంలో షుగర్ వచ్చినవాళ్లు మళ్లీ ఆ పరీక్ష చేయించుకోవాలి. కానీ బారసాల హడావుడిలో, బిడ్డ టీకాల హడావుడిలో తల్లి పరీక్ష తప్పిపోతుంది.

ముప్పై అయిదు దాటాక చాలామందికి నెలసరి దానంతటదే కాస్త దారికొస్తుంది. "తగ్గిపోయింది" అనుకుంటారు. నెలసరి కుదురుకుంది, ఇన్సులిన్ కథ మాత్రం నడుస్తూనే ఉంది. పీసీఓఎస్ తేలినవాళ్లు ఏ వయసులో ఉన్నా ఏడాది నుంచి మూడేళ్లకోసారి షుగర్ పరీక్ష చేయించుకోవాలి. పరగడుపున చేసేది ఒక్కటే కొందరిలో చాలదు. 75 గ్రాముల గ్లూకోజ్ తాగి రెండు గంటల తర్వాత చూసే పరీక్ష ఇంకా నమ్మకమైనది. ఏటా ఒకసారి బీపీ, డాక్టరు చెప్పినప్పుడల్లా కొలెస్ట్రాల్. గట్టిగా గురకపెట్టి, పగలంతా మత్తుగా ఉండేవాళ్లు ఆ సంగతి కూడా డాక్టరుకు చెప్పాలి. నిద్రలో ఊపిరి ఆగే జబ్బు వీళ్లలో ఎక్కువ.

నలభైల్లో, యాభైల్లో ఉన్న అక్కయ్యలు కూడా ఈ మాటలు వింటుంటారు. మీ కాలంలో దీనికి పేరు పెట్టినవాళ్లు తక్కువ. పదిహేడేళ్లప్పుడు రెండు మూడు నెలలకోసారి బయట చేరి ఉంటారు, పెళ్లయిన అయిదేళ్లకు గానీ కడుపు పండి ఉండదు, గడ్డం కింద వెంట్రుకలు ఎవరూ చూడకుండా పీకేసుకుని ఉంటారు. అవి గుర్తుంటే ఈసారి బీపీ మాత్రలకు వెళ్లినప్పుడు డాక్టరుకు ఆ పాత సంగతులు చెప్పి, షుగర్ పరీక్ష చేయించుకోండి. మీ కూతురికి కూడా చెప్పండి, ఆమె అడిగేదాకా ఆగొద్దు.